స్వరము పలుకని విద్వాంసుడు

పాశ్చాత్య సంగీతసభకు మొదటిసారి వెళ్లినవానికి ఒక వింత దృశ్యము కనబడును. వేదికపై ఎనుబది తొంబదిమంది విద్వాంసులు వరుసలు తీరి కూర్చుండియుందురు. వయొలిన్లు, వేణువులు, కొమ్ములు, భేరులు, ఎవరి వాద్యము వారి యొద్ద నుండును. పిమ్మట ఒక వ్యక్తి వట్టి చేతులతోనో, చేత ఒక సన్నని పుల్లతోనో వచ్చి, సభకు వీపు చూపి నిలుచును. ఆ సాయంకాలము ఒక్క స్వరమైనను పలికింపనివాడు అతడొక్కడే. అయినను ప్రకటన పత్రములో పెద్ద అక్షరములతో అచ్చగునది అతని పేరే. చివర కరతాళధ్వనులకు అందరికంటె ముందు తల వంచువాడును అతడే.

ఇంగ్లీషున అతనిని కండక్టరందురు. ఆ మాట వినగానే తెలుగువానికి బస్సులో టిక్కెట్లిచ్చు ఉద్యోగి స్ఫురించుట సహజము. ఆలోచించినచో ఇద్దరికిని పోలిక బొత్తిగా లేకపోలేదు. ఇద్దరిలో ఎవడును బండిని తాను నడుపడు. కదలుటకు, ఆగుటకు సంజ్ఞ మాత్రము చేయును. అయినను పాఠకునికి చిక్కు లేకుండుటకై ఇచ్చట అతనిని సంచాలకుడని పిలుచుట మేలు. ఈ సంచాలకుడు చేయు పని యేమి అనునది సామాన్య శ్రోత అడుగు ప్రశ్న. ఆ పనిని అతడు ఎచ్చట, ఎట్లు, ఎవరి వలన నేర్చెను అనునది అంతకంటె లోతైన ప్రశ్న. బోధనవృత్తిలో నున్నవారికి ఈ రెండవ ప్రశ్నయే ఆసక్తి కలిగింపవలెను.

ఈ విషయమున లోకములో రెండు అభిప్రాయములు ప్రచారములో నున్నవి. ఇది పుట్టుకతో రావలసినదే గాని నేర్చిన రాదని కొందరందురు. ఇందులో నేర్వవలసినదే లేదు, వాద్యగాండ్రందరు నేర్చినవారే, అతడు చేయి ఊపినను ఊపకున్నను వారు వాయింపగలరని మరికొందరందురు. పైకి ఇవి పరస్పర విరుద్ధములుగా కనబడినను లోపల తోడబుట్టినవే. దీనికి గురువక్కరలేదు, పాఠశాల అక్కరలేదు అనునదే రెంటి తాత్పర్యము. చరిత్ర ఈ రెంటిని త్రోసిపుచ్చుచున్నది. ఇది నేర్వదగిన విద్య, నేర్పదగిన విద్య. అయితే దీనిని నేర్పుటలో చేతికి చెప్పు పాఠముకంటె చెవికి చెప్పు పాఠము ముఖ్యము. ఆ చెవి పుస్తకము వలన రాదు, అద్దము ముందు నిలిచి చేతులు త్రిప్పుట వలన రాదు. సజీవులైన వాద్యగాండ్ర నడుమ మెలగుట వలననే వచ్చును.

సంచాలకత్వము పురాతన విద్య కాదు. పూర్వము వాద్యగాండ్రు కొలదిమందియే యుండిరి. హార్ప్సికార్డు వాయించువాడో, మొదటి వయొలిన్ విద్వాంసుడో తల ఊపి నడిపించుచుండెను. కొన్నిచోట్ల కాలమును తెలుపుటకు పెద్ద కర్రతో నేలపై కొట్టుట ఆచారము. ఫ్రాన్సు రాజాస్థాన సంగీతకర్త లుల్లీ 1687 జనవరిలో అట్లు కొట్టుచు, పొరపాటున ఆ కర్రను తన కాలిపైననే కొట్టుకొనెను. గాయము కుళ్లి మార్చి నెలలో ఆయన మరణించెను. క్రమముగా వాద్యబృందములు పెరిగినవి. బేతోవెన్ కాలమునాటికి సంగీతమును జటిలమైనది. వాద్యము విడిచిపెట్టి, వినుటయే పనిగా పెట్టుకొన్న మనిషి ఒకడు అవసరమయ్యెను. 1835లో మెండెల్సన్ లైప్జిగ్ నగరపు గెవాంధౌస్ వాద్యబృందమునకు అధిపతియై, బేటన్ అను చిన్న పుల్లను చేతబట్టి నడిపించెను. అనగా ఈ విద్య ఒక స్థిరరూపమును పొంది రెండు శతాబ్దములైనను నిండలేదు.

దీనిని గూర్చిన తొలి గ్రంథములలో రెండు ప్రసిద్ధములు. 1855లో ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్ వ్రాసిన ప్రకరణము చేతిని గూర్చినది. ఏ గతికి చేయి ఏ దిక్కునకు కదలవలెనో అందు బొమ్మలతో చూపబడెను. 1869లో జర్మను స్వరకర్త వాగ్నర్ వ్రాసిన వ్యాసము మనస్సును గూర్చినది. వాగ్నర్ ఒక చిత్రమైన సంగతిని అందు ఒప్పుకొనెను. బేతోవెన్ తొమ్మిదవ సింఫనీ నిజస్వరూపము ఆయనకు తెలిసినది జర్మనీలో కాదు, పారిస్‌లో. అచ్చట ఆ బృందమును నడిపిన హాబెనెక్ ప్రతిభావంతుడని వాగ్నర్ తలచలేదు. అయినను వాద్యగాండ్రందరును రాగధారను పట్టుకొని పాడునట్లు వాయించువరకు, హాబెనెక్ దీర్ఘకాలము విసుగులేక అభ్యాసము చేయించెను. పుట్టుకతో వచ్చిన ప్రతిభకంటె ఓపికతో కూడిన వినికిడి గొప్పదని, గర్విష్ఠుడైన వాగ్నర్ చేతనే చెప్పించిన సన్నివేశమిది.

ప్రతిభావాదులు తరచుగా ఉదాహరించు కథ టాస్కనీనీది. 1886లో ఒక ఇటాలియను సంగీతనాటక బృందము దక్షిణ అమెరికాలో పర్యటించుచుండెను. రియో డి జనీరో నగరమున సంచాలకునికిని బృందమునకును పొసగక, అతడు తప్పుకొనెను. బదులుగా నిలిచినవానిని ప్రేక్షకులు గేలి చేసి దింపివేసిరి. అప్పుడు వాద్యగాండ్రలో నుండి 19 సంవత్సరముల కుర్రవానిని లేపి నిలబెట్టిరి. అతడు వెర్డీ రచించిన ‘ఐడా’ను స్వరలిపి గ్రంథము చూడకయే నడిపించి సభను మెప్పించెను. ఇంతవరకు చెప్పి, చూడుడు, పుట్టుకతో వచ్చిన విద్య యనుచు కథను ముగింతురు. వారు చెప్పక విడిచిన భాగమే ముఖ్యమైనది. ఆ కుర్రవాడు అంతకు ముందటి సంవత్సరమే పార్మా సంగీత కళాశాలలో చెల్లో వాద్యమున పట్టభద్రుడయ్యెను. అదే బృందములో చెల్లో వాయించుచు, ఆ నాటకమును లోపల కూర్చుండి అనేక పర్యాయములు వినియుండెను. ప్రతి వాద్యము పాత్రయు అతనికి కంఠస్థమైయుండెను. ఆ రాత్రి అతనికి క్రొత్తగా వచ్చినది చేతిలోని పుల్ల మాత్రమే. చెవిలోని విద్య అంతకు ముందే వచ్చియున్నది.

ఇక చేతి సంగతి. ఇది ఈ విద్యలో సులభభాగము. కావుననే అజ్ఞులు దీనినే సర్వస్వమని భ్రమింతురు. రెండు మాత్రల గతికి చేయి క్రిందికి, పైకి. మూడింటికి క్రిందికి, కుడికి, పైకి. నాలుగింటికి క్రిందికి, ఎడమకు, కుడికి, పైకి కదలును. చురుకైన బాలుడు వీనిని ఒక పూటలో పట్టుకొనగలడు. కర్ణాటక సంగీతము వినువారికి ఇది క్రొత్త కాదు. ఆదితాళములో ఒక ఘాతము, మూడు వేళ్ల లెక్క, పిమ్మట రెండు మారులు ఘాతమును విసర్జితమును కలవు. అయితే ఈ రెంటికి ఒక ముఖ్యమైన భేదమున్నది. తాళము వేయువాడు జరుగుచున్న కాలమును కొలుచును. సంచాలకుడు రాబోవు కాలమును ముందుగా చూపును. స్వరము మొదలగుటకు ఒక మాత్ర ముందే అతని చేయి పైకి లేచును. ఆ ఒక్క కదలికలోనే వేగమెంతయో, ధ్వని ఎంత గట్టిదియో, పలుకు కోమలమో కఠినమో వాద్యగాండ్రకు తెలిసిపోవలెను. గాయకుడు పాడుటకు ముందు తీయు ఊపిరి వంటిది ఆ కదలిక. కేవలము అంకెలు లెక్కించు చేతికి ఆ ఊపిరి యుండదు.

బేతోవెన్ అయిదవ సింఫనీ ప్రారంభము ఇందుకు గొప్ప పరీక్ష. 1808 డిసెంబరులో వియన్నాలో మొదటిసారి వినిపింపబడిన ఆ కృతిని వినని సంగీతప్రియుడుండడు. మూడు పొట్టి స్వరములు, ఒక దీర్ఘ స్వరము. చిన్నపిల్లవాడైనను కూనిరాగము తీయగలడు. కాని లిపిని చూచినచో అందు మొదటి చిహ్నము స్వరము కాదు, విరామము. తాళము ముందు పడును, స్వరము ఆ పిమ్మట పుట్టును. దీనినే మన శాస్త్రకారులు అనాగత గ్రహమందురు. మనవారిలో తాళము చేతనో మనస్సుననో వేసికొనుచున్న ప్రతి విద్వాంసుడును ఆ ఖాళీని తానే అనుభవించి, సరిగా ఎడుపు అందుకొనును. అచ్చటనో, తంత్రీవాద్యములు, క్లారినెట్లు పట్టినవారు పలువురు ఒకే క్షణమున, ఒకే వేగమున ఆ నిశ్శబ్దము నుండి వెలువడవలెను. ఆ నిశ్శబ్దమును అందరికి చూపవలసినవాడు సంచాలకుడు. వెంటనే వచ్చు దీర్ఘస్వరముపై స్వరకర్త ఒక నిలుపుగుర్తునుంచి, దానిని ఎంతసేపు నిలుపవలెనో, ఎప్పుడు త్రెంపవలెనో అతని వివేకమునకు వదలెను. బాగుగా లెక్కింప నేర్చిన విద్యార్థులెందరో ఈ మొదటి అయిదు కొలతలలోనే తడబడుదురు. వారి చేయి తప్పు చేయుటలేదు. చేయి కదలుటకు ముందే ఆ ధ్వనిని వారి మనస్సు వినియుండలేదు. అదియే వారి లోపము.

అట్లు ముందుగా వినుట ఎట్లు సాధ్యము? స్వరలిపి గ్రంథమును చదువుట వలన. సంచాలకుని ముందుండు గ్రంథములో ఒక్కొక్క పుటలో ఇరువదికి పైగా పంక్తులుండుట సామాన్యము. పైన వేణుజాతి, దాని క్రింద లోహపు కొమ్ములు, పిమ్మట భేరులు, అడుగున తంత్రీవాద్యములు. ఇవన్నియు ఒకే క్షణమున ధ్వనించునవి. పైగా వ్రాసినదొకటి, వినిపించునది మరియొకటి. ‘బి ఫ్లాట్’ క్లారినెట్టుకు వ్రాసిన స్వరము ఒక మెట్టు దిగువన పలుకును. ‘ఎఫ్’ హారనుకు వ్రాసినది షడ్జ పంచమముల ఎడమంత దిగువన పలుకును. వయోలాకు లిపిలోని గుర్తే వేరు. ఈ చిక్కులన్నిటిని విప్పుకొని, నిశ్శబ్దమైన గదిలో కూర్చుండి, కాగితమును చూచుచు సంపూర్ణ ధ్వనిని లోచెవితో వినగలుగుట సంవత్సరముల సాధన వలన వచ్చును. కవిత్వమును పైకి చదువకయే దాని నడకను వినగల పాఠకునికి ఈ అనుభవము కొంత తెలియును.

లోచెవి సిద్ధమైన పిమ్మట బయటి చెవికి పని కలుగును. మనస్సులో వినిన ధ్వనికిని, ఎదుట వినబడుచున్న ధ్వనికిని తేడా ఎచ్చటనున్నదో క్షణములో కనిపెట్టవలెను. రెండవ హారను శ్రుతి తగ్గినదా, వయోలాలు ఆలస్యమైనవా, వేణువు పలుకుచున్నను కొమ్ముల ధాటికి వినబడుటలేదా? కారణము తెలిసినప్పుడే దానిని సరిదిద్దు మాట దొరకును. కొన్ని పాఠశాలలలో దీనికొక చమత్కారమైన పరీక్ష కలదు. వాద్యగాండ్రతో ముందుగా మాట్లాడుకొని కొన్ని తప్పులు కావలెనని వాయింపజేయుదురు. విద్యార్థి వానిని చెవితో పట్టుకొని, ఎవరు ఏ స్వరమును తప్పిరో చెప్పవలెను. చేతులు ఎంత సొంపుగా కదలినను ఈ పరీక్షలో అవి సాయపడవు.

ఈ విద్యకున్న అసలు కష్టము వేరొకటి కలదు. వీణ నేర్చువానికి ఇంటిలో వీణ యుండును. తెల్లవారుజామున లేచి సాధన చేయగలడు. సంచాలకుని వాద్యము మనుష్యులు. ఎనుబదిమందిని ఇంటికి పిలిచి సాధన చేయువాడెవడు? వాద్యబృందమును ఒక గంట కూర్చుండబెట్టుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. అందుచేత అనేకచోట్ల విద్యార్థి ఇద్దరు పియానో వాద్యగాండ్ర ఎదుట నిలిచి చేతులు కదలించుచు సంవత్సరములు గడుపును. అసలు బృందము అతనికి లభించునది కొలది నిమిషములు మాత్రమే. ఈత నేర్చువానికి గట్టుపై పాఠములు చెప్పి, పరీక్షనాడు నదిలో దింపినట్లుండును. ఈ కొరతను తీర్చినచోటనే ఈ విద్య వర్ధిల్లినది. మంచి సంచాలకులు ఏ దేశమున ఎక్కువగా పుట్టుచున్నారని అడుగుట తప్పు. ఏ పాఠశాలలో విద్యార్థికి వాద్యబృందము ఎక్కువసేపు దొరకుచున్నదని అడుగవలెను.

ఇందుకు ఫిన్లండు దేశము ప్రబల నిదర్శనము. ఆ దేశపు జనాభా సుమారు 55 లక్షలు. మన పెద్ద నగరమొకదాని జనసంఖ్య అంతకంటె అధికము. అయినను ఏసా పెక్కా సాలొనెన్, యుక్కా పెక్కా సరస్తే, ఓస్మో వాన్స్కా, సకారి ఒరామో, సుసన్నా మాల్కీ అచ్చటి నుండి బయలుదేరి ప్రపంచ ప్రసిద్ధ బృందములను నడిపించిరి. వీరందరును హెల్సింకీ నగరపు సిబేలియస్ అకాడమీలో శిక్షణ పొందినవారే. అచ్చట 1973 నుండి 1993 వరకు యోర్మా పానులా సంచాలకత్వమును బోధించెను. తరగతికి ఒక చిన్న వాద్యబృందమును ఏర్పరచి, ప్రతి విద్యార్థిని దాని ఎదుట నిలబెట్టుట ఆయన పద్ధతి. విద్యార్థి చేసినదంతయు వీడియోలో పట్టి పిమ్మట అతనికే చూపుదురు. గురువు అధికముగా మాట్లాడడు. తన చేయి కోరినది ఒకటి, బృందము ఇచ్చినది మరియొకటి యని తెరపై చూచి, విద్యార్థి తానే సిగ్గుపడి తానే దిద్దుకొనును. ఫిన్లండు గాలిలో గాని నీటిలో గాని ప్రత్యేకత యేమియు లేదు. ఉన్నది ఆ తరగతిలోనే.

వాద్యబృందము దొరకనివారు దానిని వెదకికొని పోయిన కథలును కలవు. బొంబాయిలో 1936లో పుట్టిన జూబిన్ మెహతా 18వ యేట వైద్యవిద్యాభిలాషను విడిచి వియన్నాకు వెళ్లెను. ఆయన తండ్రి మెహ్లీ మెహతా 1935లో బొంబాయి సింఫనీ వాద్యబృందమును స్థాపించిన వయొలిన్ విద్వాంసుడు. వియన్నాలో హాన్స్ స్వరోవ్‌స్కీ అను గురువు లిపిని అక్షరమక్షరము పరిశీలింపనిదే చేయి ఎత్తనిచ్చెడివాడు కాడు. మెహతా అచ్చట డబుల్ బాస్ వాద్యమును నేర్చి విద్యార్థుల బృందములో వాయించెను. ఆ నగరమున మహాసంచాలకులు జరుపు రిహార్సళ్లు బయటివారికి నిషిద్ధములు. మెహతా, ఆయన సహాధ్యాయి క్లాడియో అబ్బాడో ఒక ఉపాయమును కనిపెట్టిరి. ఇద్దరును అచ్చటి ప్రసిద్ధ గాయకబృందములో చేరి మంద్రస్థాయిలో పాడుచు, బ్రూనో వాల్టర్, కరయాన్ వంటివారు బృందముతో ఎట్లు పని చేయుదురో ఎదుట నిలిచి చూచిరి. వెనుక వరుసలో నిలిచి ఆజ్ఞ పాటించుచు నేర్చిన ఆ ఇద్దరు పిమ్మట ప్రపంచమునందలి అగ్రశ్రేణి సంచాలకులైరి. మెహతా 1962లో లాస్ ఏంజెలిస్ బృందమునకు, 1978లో న్యూయార్కు బృందమునకు అధిపతి యయ్యెను.

గురువుల చరిత్రలో మరియొక విశేషమున్నది. లెనిన్‌గ్రాడ్ సంగీత కళాశాలలో ఇల్యా మూసిన్ అరువది సంవత్సరములకు పైగా బోధించి, 1999లో మరణించువరకు శిష్యులను తీర్చిదిద్దెను. తెమిర్కానొవ్, గెర్గియెవ్, బిచ్కొవ్ ఆయన శిష్యులు. జపానులో హిదెయో సైతో చేతి కదలికలను వర్గీకరించి పేర్లు పెట్టి 1956లో గ్రంథము వెలువరించెను. సైజీ ఒజావా ఆయన శిష్యుడు. ఈ మూసిన్, సైతో, స్వరోవ్‌స్కీ, పానులాలలో ఎవరికిని వేదికపై తమ శిష్యులంతటి కీర్తి రాలేదు. ఇది కాకతాళీయము కాదు. తనకు సహజముగా అబ్బిన పనిని ఎట్లు చేసితినో చెప్పుట ప్రతిభాశాలికి చేతకాదు, నావలె చేయుమనును. శిష్యుడు ఆయనవలె జుట్టు విదిలించుట నేర్చును గాని విద్యను నేర్వడు. కష్టపడి ఒక్కొక్క మెట్టు ఎక్కినవాడే ఏ మెట్టు ఎచ్చట జారునో చెప్పగలడు. బోధనము సంచాలకత్వమునకు తోక కాదు. అది వేరొక విద్య.

భయమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. టాస్కనీనీ రిహార్సళ్లలో కేకలు వేయుట, బేటన్లు విరుచుట లోకప్రసిద్ధము. అనంతర కాలమున ఎందరో యువకులు ఆయన చెవిని అనుకరింపలేక ఆయన కోపమును అనుకరించిరి. భయము వలన బృందము తప్పులేక వాయించుననుట నిజమే. కాని భయపడిన వాద్యగాడు పుల్లను చూచునే గాని ప్రక్కవాని స్వరమును వినడు. గాయకబృందపు వెనుక వరుసలో చదువుకొన్న అబ్బాడో ఇందుకు ప్రతిపక్షముగా నిలిచెను. అభ్యాసమున ఆయన మాటలు తక్కువ. ఒకరినొకరు వినుడనుటయే ఆయన బోధ. బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ వాద్యగాండ్రు 1989లో తమ అధిపతిగా ఆయనను తామే ఎన్నుకొనిరి. సంచాలకుని పుల్లకును బడిపంతులు బెత్తమునకును పొడవులో పెద్ద భేదము లేకపోవచ్చును, ప్రయోజనములో భేదముండవలెను.

సంచాలకుడు లేకయే వాయింపవచ్చును గదా యను ప్రశ్నను ప్రయోగపూర్వకముగా పరీక్షించినవారు లేకపోలేదు. 1922లో మాస్కోలో పెర్సింఫాన్స్ అను బృందము నాయకుడక్కరలేదని ప్రకటించి, ఒకరి ముఖములొకరికి కనబడునట్లు వలయముగా కూర్చుండి పది సంవత్సరములు కచేరీలు చేసెను. 1972లో న్యూయార్కున ఆర్ఫియస్ అను చిన్న బృందమును అట్లే పుట్టెను. ఇవి సఫలమైన ప్రయత్నములే. కాని ఒక్క సంగతి గమనింపవలెను. సంచాలకుడు ఒక్కడు చేయవలసిన నిర్ణయములన్నియు అందరు కూడి చర్చించి చేయుటకై వారికి అధిక కాలమును అధికాభ్యాసమును కావలసి వచ్చినవి. సంచాలకుని ధర్మము పోలేదు. అది అందరికి పంచబడినది. మంచి సంచాలకుడు తన బృందమునకు ఇచ్చు వరము కూడ అదియే: చేయి క్రిందికి దించినను ఒకరినొకరు విని వాయింపగలుగుట.

ఈ విద్య పుట్టుకతో వచ్చునా, నేర్చిన వచ్చునా అను వాదము పండితుల వినోదము మాత్రమే యైనచో ఇంత చెప్పనక్కరలేదు. ఆ వాదము వలన నష్టపోయినవారు కలరు. పుట్టుకతో వచ్చునదని నమ్మినచోట, ఎవరిని చూచిన సంచాలకునివలె కనబడునో వారికే అవకాశము దొరకును. చాలకాలము అట్లు కనబడినవారు పురుషులు మాత్రమే. ఆంటోనియా బ్రికో బెర్లిన్‌లో సంచాలకత్వమును విధిగా అభ్యసించి, 1930లో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌ను నడిపించెను. అయినను పిమ్మట ఆమెకు పెద్ద బృందము ఏదియు స్థిరముగా లభింపలేదు. న్యూయార్కులో స్త్రీలతోనే ఒక బృందమును కూర్చుకొనవలసి వచ్చెను. అమెరికాలోని పెద్ద బృందమొకదానికి స్త్రీ అధిపతి యగుటకు 2007 వరకు వేచియుండవలసి వచ్చెను. ఆ సంవత్సరమున మరిన్ ఆల్సప్ బాల్టిమోరు బృందమును చేపట్టెను. అంతకు అయిదు సంవత్సరముల ముందే ఆమె యువ సంచాలకురాండ్రకై ఒక శిక్షణ వేతనమును నెలకొల్పెను. అవమానమునకు ప్రసంగముతో గాక పాఠశాలతో బదులిచ్చుట ఆమె గొప్పతనము. మూసిన్ శిష్యురాలు షాన్ ఎడ్వర్డ్స్ 1988లో లండను రాయల్ ఒపేరా హౌసులో సంచాలకత్వము వహించిన మొదటి స్త్రీ. పానులా శిష్యురాలు సుసన్నా మాల్కీ మొదట చెల్లో విద్వాంసురాలు. 2016 నుండి 2023 వరకు హెల్సింకీ ఫిల్‌హార్మోనిక్‌కు అధిపతిగా నుండెను. చెవికి పాఠము చెప్పు తరగతిలో శిష్యుడెవరు, శిష్యురాలెవరు అను ప్రశ్నకు తావులేదు. ఆ వినబడినదేమి అను ప్రశ్న ఒక్కటే యుండును.

మన దేశమున వాద్యబృంద సంప్రదాయము చిన్నది. 1952లో ఢిల్లీ ఆకాశవాణి వాద్యవృందమును నెలకొల్పెను. ద్రాక్షారామమున పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి దానిని కొంతకాలము నిర్వహించెను. సినిమా సంగీతమును పెద్ద బృందములను పోషించెను. అయినను సంచాలకత్వమును క్రమముగా బోధించు తరగతి మనకు అరుదు. దానిని స్థాపించుట ధనముతో కూడిన పని యని వెనుదీయనక్కరలేదు. పాఠశాలలో ప్రార్థనాగీతము పాడు ఇరువదిమంది పిల్లలు చాలుదురు. వారిలో ఒక్కొక్కరిని వంతువంతున ముందు నిలబెట్టి, మిగిలినవారిని నడిపింపుమని, ఎవరి శ్రుతి తప్పినదో చెప్పుమని అడిగిన చాలును. ఈ రోజు ముందు నిలిచినవాడు రేపు వెనుక వరుసలో పాడవలెను. మెహతా, అబ్బాడో చేసినది ఇదియే.

అట్టి బాలుడొకడు తోటివారి ఎదుట నిలిచి చేయి ఎత్తినప్పుడు, పాట ఇంకను మొదలు కాదు. ఇరువదిమంది అతని చేతిని చూచుచు ఊపిరి తీసికొందురు. ఆ క్షణమున గురువు చేయవలసిన పని ఒక్కటే: తాను పాట ఎత్తుకొనక, ప్రక్కన ఊరక నిలుచుట.